వ్యాపార ప్రయాణములు: విమానములో పై తరగతియా, ప్రత్యేక విమానమా?

వాణిజ్యమునకు పెట్టుబడి ఎంత అవసరమో ప్రయాణము కూడ అంత అవసరము. సరకును కంటితో చూడక, కొనువాని ముఖము చూడక, దూరదేశపు బేరము చిరకాలము నిలువదు. మన పెద్దలు ఒంటెలమీద, ఎడ్లబండ్లమీద, తరువాత రైళ్లలో మూడవ తరగతిలో తిరిగి ఈ ప్రాంతమునకు వచ్చి అంగళ్లు పెట్టిరి. నేడు వారి మనుమలు విమానములలో తిరుగుచున్నారు. ఇది కాలధర్మము, దీనిని తప్పుపట్ట పనిలేదు. కాని ఈమధ్య హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మన కుటుంబములలో ఒక క్రొత్త ప్రశ్న పుట్టినది. కంపెనీ పనిమీద పోవునపుడు విమానములో బిజినెస్ క్లాసు టిక్కెట్టు కొనవలెనా? లేక నలుగురైదుగురు కలిసి ప్రత్యేకముగా ఒక చిన్న జెట్ విమానమును అద్దెకు తీసికొనవలెనా?

చదువుకొన్న కుమారులు ఒక విధముగా చెప్పుదురు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న తండ్రులు మరియొక విధముగా చెప్పుదురు. ఉమ్మడి వ్యాపారములలో ఈ చిన్న మాటమీదనే అన్నదమ్ముల మనస్సులు విరుగుట కలదు. కనుక దీనిని కోపతాపములు లేకుండ, మొదట లెక్కప్రకారము, తరువాత ధర్మప్రకారము విచారించుట మంచిది. ఈ వ్యాసము ఆ ఉద్దేశముతో వ్రాయబడినది.

1. మన ప్రాంతపు స్థితి

మొదట మనమున్న చోటు ఎటువంటిదో తెలిసికొందము. కృష్ణగిరి పెద్ద రహదారులు కలియు కూడలి. 2004లో ధర్మపురి నుండి విడిపోయి ప్రత్యేక జిల్లాయైనది. మామిడి గుజ్జు, గ్రానైటు రాయి ఇక్కడినుండి విదేశములకు పోవుచున్నవి. హోసూరులో మోటారు బండ్లు, గడియారములు, యంత్రభాగముల కర్మాగారములున్నవి. గులాబీ పూలు సముద్రములు దాటి పోవుచున్నవి. ఇంత వ్యాపారమున్నను కృష్ణగిరి పట్టణమునకు రైలు స్టేషను లేదు. హోసూరుకు రైలు కలదు. 2023 డిసెంబరు 30న ఆరంభమైన కోయంబత్తూరు – బెంగళూరు వందే భారత్ రైలు అక్కడ ఆగుచున్నది. కాని ప్రయాణికుల విమానము పట్టుకొనవలెనన్న చాలవరకు బెంగళూరే దిక్కు.

2008 మే నెల వరకు బెంగళూరు విమానాశ్రయము నగరమునకు దగ్గరగా హెచ్.ఎ.ఎల్. మైదానములోనే ఉండెడిది. హోసూరువారికి అది సులువు. ఆ నెలలో దేవనహళ్లి దగ్గర క్రొత్త విమానాశ్రయము తెరచినారు. హోసూరు నుండి అది సుమారు 75 కిలోమీటర్లు. మధ్యలో బెంగళూరు నగరమంతయు దాటవలెను. ఆకాశములో రెండు గంటల ప్రయాణమునకు నేలమీద రెండున్నర గంటలు పట్టుట మనకందరకు అనుభవమే.

హోసూరుకు దగ్గరలో బెళగొండపల్లి వద్ద తనేజా ఏరోస్పేస్ సంస్థవారి స్వంత విమాన మైదానమొకటి కలదని చాలమందికి తెలియదు. దాని రన్‌వే పొడవు సుమారు 7,000 అడుగులు. 1990 దశకములో ఈ సంస్థవారు ఇటలీ దేశపు పార్తెనావియా నమూనాలో ఆరు సీట్ల చిన్న విమానములను అక్కడ తయారుచేసిరి. అది స్వంత మైదానము గనుక ముందుగా అనుమతి పొందియే దిగవలెను. దేవనహళ్లి ఒప్పందములో 25 ఏండ్లవరకు, అనగా 2033 వరకు, 150 కిలోమీటర్లలోపల మరియొక క్రొత్త విమానాశ్రయము రాకూడదను షరతు ఉన్నది. అయినను 2024 జూన్ నెలలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్‌గారు హోసూరులో 2,000 ఎకరములలో, ఏడాదికి 3 కోట్లమంది ప్రయాణికులకు సరిపడు విమానాశ్రయము కట్టెదమని శాసనసభలో ప్రకటించిరి. అది వచ్చువరకు మన లెక్క ఇప్పటి స్థితినిబట్టి వేసికొనవలసినదే.

2. కొనునది ఏమి?

వర్తకుడు ధర అడుగుటకు ముందు సరకేమిటో అడుగును. ఇక్కడను అంతే. బిజినెస్ క్లాసు అమ్మునది సౌఖ్యము. వెడల్పైన కుర్చీ, ముందుగా ఎక్కుట, మంచి భోజనము, సామాను కొంచెము హెచ్చు. విమానము మాత్రము వెనుక కూర్చున్నవానిని, ముందు కూర్చున్నవానిని ఒకే నిమిషమున దింపును. కనుక దేశములోపలి రెండు గంటల ప్రయాణములో బిజినెస్ క్లాసువలన వచ్చు కాలలాభము బహు స్వల్పము. విదేశములకు తొమ్మిది పది గంటలు రాత్రివేళ పోవునపుడు సంగతి వేరు. అక్కడ పడుకొని నిద్రించిన మనిషి తెల్లవారి బేరమునకు కూర్చుండగలడు. నిద్రలేనివాడు కాగితము సరిగా చదువక సంతకము చేయవచ్చును. కనుక అక్కడ కొనునది నిద్ర. అది వ్యాపారమునకు పనికివచ్చు సరకే.

ప్రత్యేక విమానము అమ్మునది కాలము. మనము వచ్చినపుడే అది బయలుదేరును. పెద్ద విమానములు పోని చిన్న ఊళ్లకు కూడ పోవును. ఒకే దినమున రెండు మూడు ఊళ్లు తిరిగి రావచ్చును. సౌఖ్యము అందులో కొసరు మాత్రమే. కాలమునకు విలువలేని పనికి దానిని తీసికొనుట, కిలో ఉప్పు తెచ్చుటకు లారీ మాట్లాడినట్లుండును.

అమెరికాలో వాల్‌మార్ట్ అంగళ్లు స్థాపించిన శాం వాల్టన్ మొదటి రోజులలో పాత చిన్న విమానమొకటి కొని తానే నడిపెడివాడు. ఆయన అంగళ్లు చిన్న ఊళ్లలో ఉండెడివి. అక్కడికి టిక్కెట్టు విమానములు లేవు. ఆకాశము నుండి క్రిందికి చూచి ఏ మూల జనము పెరుగుచున్నారో, ఏ స్థలము అంగడికి తగునో కనిపెట్టెడివాడు. అది పనిముట్టు, అలంకారము కాదు. వారెన్ బఫెట్ అను ధనికుడు తన కంపెనీకి విమానము కొన్నపుడు, దానికి “సమర్థించుకొనరానిది” అను అర్థము వచ్చు పేరు పెట్టి తన్ను తానే ఎగతాళి చేసికొనెను. కొంతకాలమునకు “లేక తీరనిది” అని పేరు మార్చెను. ఈ రెండు పేర్ల నడుమనే మన ప్రశ్నయంతయు ఉన్నది.

3. లెక్క

ఇప్పుడు ఒక లెక్క వేసి చూతము. ఇందులోని ధరలు నమూనాకొరకు అనుకొన్నవి. ఎవరికివారు ఆ దినపు ధరలు విచారించి వేసికొనవలెను. పద్ధతి మాత్రము మారదు.

హోసూరు నుండి ఆరుగురు అహమ్మదాబాదు పోయి, పని చూచుకొని రావలెననుకొందము. బిజినెస్ క్లాసు టిక్కెట్టు ఒక వైపు 25,000 రూపాయలైనచో, పోను రాను ఆరుగురికి 3,00,000. దానిమీద జి.ఎస్.టి. 18 శాతము, 54,000. (ఎకానమీ కాని తరగతులపై ఈ పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 12 శాతమునుండి 18 శాతమైనది, ఎకానమీకి 5 శాతమే.) ఒక రాత్రి బస 36,000, కార్లకు 20,000. మొత్తము 4,10,000 రూపాయలు.

అదే ఎకానమీలో టిక్కెట్టు 8,000 అనుకొన్న, 96,000, పన్ను 4,800, బస, కార్లు 56,000, మొత్తము 1,56,800. బిజినెస్ క్లాసుకు, దీనికి తేడా 2,53,200. ఈ తేడాతో ఒక్క గంటయైనను మిగులదని జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక చిన్న జెట్. ఎగిరిన గంటకు 2,00,000 అనుకొందము. అహమ్మదాబాదుకు రెండు గంటలు, రాను రెండు గంటలు, 8,00,000. కాని ఆ విమానము ఉండు ఊరు ముంబయి అయినచో, అది మనలను ఎక్కించుకొనుటకు ఖాళీగా రావలెను, దింపిన తరువాత ఖాళీగా పోవలెను. ఆ గంటలకు కూడ బాడుగ మనదే. ఖాళీ లారీ తిరుగు బాడుగ ఎవరిదను తగవు మన మండీలలో ఎంత పాతదో అందరెరుగుదురు. ఆకాశములోను అదే తగవు. పోను రాను ఖాళీ గంటలు మూడు, 6,00,000. దిగుడు రుసుము, నిలుపుడు రుసుము, పైలట్ల ఖర్చులు కలిపి 1,00,000. అంతయు 15,00,000, పన్ను 2,70,000, మొత్తము 17,70,000 రూపాయలు. విమానము బెంగళూరులోనే ఉండునదైనచో ఖాళీ గంటలు పోయి 10,62,000 మాత్రమే అగును. కనుక మొదటి ప్రశ్న “గంటకు ఎంత?” కాదు, “విమానము ఎక్కడ ఉన్నది?” అని అడుగవలెను.

మిగిలిన కాలము చూతము. బిజినెస్ క్లాసులో రోడ్డు రెండున్నర గంటలు, విమానాశ్రయములో రెండు గంటలు, ఎగురుట రెండుంబావు, దిగి ఊరిలోనికి చేరుట గంటంబావు. ఒక వైపు ఎనిమిది గంటలు. బెళగొండపల్లిలో ఎక్కుటకు అనుమతి దొరకినచో మొత్తము మూడున్నర గంటలు. ఒక వైపు నాలుగున్నర, పోను రాను తొమ్మిది గంటలు మిగులును. ఆరుగురికి 54 గంటలు. తేడా 13,60,000ను 54తో భాగించిన ఒక్కొక్క మనిషి గంటకు సుమారు 25,000 రూపాయలు పడును. విమానము బెంగళూరుదైనచో సుమారు 12,000. అదే ఇద్దరు మాత్రమే పోయినచో బిజినెస్ క్లాసు ఖర్చు 1,50,000. జెట్ ఖర్చు తగ్గదు. మిగులు గంటలు 18. గంటకు 90,000 పడును!

ఇదియే అసలు త్రాసు. ఆ ఆరుగురి గంట ఒక్కొక్కటి 25,000 సంపాదించునట్టిదైనచో జెట్ దుబారా కాదు. కర్మాగారము ఆగిపోయి గంటకు లక్షలు నష్టమగుచుండగా, బాగుచేయువారిని వెంటనే తీసికొనిపోవలసినపుడు. టెండరు తెరచు వేళకు వేరు మార్గము లేనపుడు. రోగిని ఆసుపత్రికి చేర్చవలసినపుడు లెక్క దానివైపు మొగ్గవచ్చును. పెండ్లికి, ప్రతిష్ఠకు, పొరుగు అంగడివాడు పోయినాడు గనుక పోవుటకు ఏ లెక్కయు ఒప్పదు. మిగిలిన గంటలలో ఆ మనుష్యులు నిజముగా ఏమి చేసెదరని కూడ అడుగవలెను. మిగిలిన కాలము ఇంటిలో కబుర్లకు పోయినచో అది లాభఖాతాలోనికి రాదు.

4. కాగితములు, పన్ను, క్షేమము

అద్దెకు ఇచ్చువాని దగ్గర పౌర విమానయాన శాఖవారి నాన్-షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉన్నదా అని మొదట చూడవలెను. స్వంత వాడుకకు రిజిస్టరైన విమానమును డబ్బు పుచ్చుకొని ఇతరులను ఎక్కించుటకు చట్టము ఒప్పదు. సొంత కారును టాక్సీగా తిప్పినట్లే. చవకగా దొరకునని ఎక్కినచో ప్రమాదకాలమున ఇన్సూరెన్సు వాదములు వచ్చును. పన్ను విషయములో, టిక్కెట్టు బిల్లుపై కంపెనీ జి.ఎస్.టి. నంబరు వేయించిన క్రెడిట్ దొరకవచ్చును. విమానము కొనుటకు, అద్దెకు తీసికొనుటకు 17(5) సెక్షనులో ఆంక్షలున్నవి. ఆడిటరు మాట విననిదే ఒప్పందము వ్రాయరాదు. స్వంత వినియోగమునకు విమానము కొన్నచో 2025 సెప్టెంబరు నుండి పన్ను 40 శాతము.

చిన్న విమానములకు వాతావరణము పెద్ద యజమాని. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు బాలయోగిగారు కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదములో పోయిరి. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య బెంగళూరు జక్కూరు నుండి కరీంనగరుకు బయలుదేరిన చిన్న విమానము లేచిన కొద్దిసేపటికే కూలినది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు నల్లమల కొండలలో హెలికాప్టరుతో పోయిరి. ఇవి భయపెట్టుటకు చెప్పలేదు. “మబ్బు ఉన్నది, నేడు వద్దు” అని పైలట్ చెప్పినపుడు “బాడుగ ఇచ్చినాము గదా” అని తొందరపెట్టరాదను పాఠముకొరకు చెప్పితిని. మరియొక నియమము: ఒక సంస్థయొక్క భాగస్వాములందరు, ఒక ఇంటి అన్నదమ్ములందరు ఒకే విమానములో ఎక్కరాదు. పెద్ద కంపెనీలు ఈ నియమము పెట్టుకొన్నవి. మన ఇండ్లకు ఇది ఇంకను ముఖ్యము.

5. పరపతి

వర్తకుని ఆస్తి పరపతి. 2008 నవంబరులో అమెరికా దేశపు మూడు పెద్ద మోటారు కంపెనీల అధిపతులు 2,500 కోట్ల డాలర్ల సహాయము అడుగుటకు రాజధానికి వేరువేరు ప్రత్యేక విమానములలో వచ్చిరి. అప్పు అడుగవచ్చినవారు ఇట్లా రావచ్చునా అని సభ్యులు నిలదీసిరి. మరుసటి నెలలో ఆ ముగ్గురు వందలాది మైళ్లు కార్లలో వచ్చిరి. ఆ విమానముల ఖర్చు వారి నష్టములో లెక్కకు రానంత చిన్నది, పోయినది నమ్మకము. మనకు అప్పు ఇచ్చిన బ్యాంకివారు, సరకు అరువు ఇచ్చిన వ్యాపారులు, జీతము పెంచమని అడిగిన గుమాస్తాలు అందరు చూచుచుందురు. గుమాస్తాకు దీపావళి బోనసు తగ్గించిన ఏట యజమాని జెట్‌లో తిరిగినచో ఆ మాట అంగడి దాటి పోవును.

6. ధర్మదృష్టి

ఇక మన శాస్త్రమేమి చెప్పుచున్నదో చూతము. ఉపాసకదశాంగ సూత్రములో మహావీరస్వామి కాలపు గృహస్థుడు ఆనందుని కథ కలదు. అతడు దరిద్రుడు కాదు, గొప్ప ధనికుడు. వ్రతము పట్టినపుడు అతడు వ్యాపారము మానలేదు, వాహనములు మానలేదు. వాటికి హద్దు పెట్టుకొనెను. దూరయాత్రలకు 500 బండ్లు, ఇంటి మోతకు 500 బండ్లు, దూరయాత్రలకు నాలుగు ఓడలు, మోతకు నాలుగు ఓడలు. అంతకు మించి వద్దనెను. ఇది పరిగ్రహ పరిమాణము. వాహనము పాపమని శాస్త్రము చెప్పలేదు. లెక్కలేని వాహనము బంధమని చెప్పినది. సంఖ్య పెద్దదా చిన్నదా అనుటకంటె, సంఖ్య ఉన్నదా లేదా అనునదే ముఖ్యము.

శ్రావకుని పండ్రెండు వ్రతములలో దిగ్వ్రతమొకటి. ఏ దిక్కున ఎంతదూరము పోవలెనో హద్దు పెట్టుకొనుట అది. అందులో నాలుగు దిక్కులే కాక పైదిక్కు, క్రిందిదిక్కు కూడ ఉన్నవి. పూర్వము పైదిక్కు అనగా కొండ ఎక్కుట. నేటి ప్రయాణికుల విమానములు సుమారు 35,000 అడుగుల ఎత్తున, అనగా పది కిలోమీటర్లకు పైన ఎగురుచున్నవి. కొన్ని చిన్న జెట్‌లు ఇంకను పైకి పోవును. కనుక ఈ వ్రతము పట్టిన మన వర్తకులు ఊర్ధ్వదిక్కు హద్దును వ్రాసికొనునపుడు ఇది గమనించి గురువులను అడుగవలెను. ఈ వ్రతమునకు తత్త్వార్థసూత్రము చెప్పిన అతిచారములలో రెండు వ్యాపారికి బహు ఉపయోగకరములు. ఒకటి క్షేత్రవృద్ధి: ఒక దిక్కున తగ్గించి మరియొక దిక్కున పెంచుకొనుట. మన ఖాతాలలో ప్రయాణపు పద్దు మించినపుడు దానిని ప్రచారపు పద్దులో కలుపుట ఇదే దోషము. రెండవది స్మృత్యంతర్ధానము: పెట్టుకొన్న హద్దును మరచుట. వ్రాసి గోడకు తగిలించని హద్దు మరపునకు వచ్చును. దినదినము పట్టు పదునాలుగు నియమములలో కూడ వాహనము, దిక్కు రెండును ఉన్నవి.

అహింస మాట కూడ కలదు. ఇంధనము కాల్చుటలో అగ్నికాయ, వాయుకాయ జీవులకు హింస తప్పదు. ఐరోపాలో 2021లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారము ప్రత్యేక జెట్‌లో ఒక మనిషి ప్రయాణమునకు సాధారణ విమానములోకంటె 5 నుండి 14 రెట్లు హెచ్చు కాలుష్యము కలుగుచున్నది. బిజినెస్ క్లాసు కుర్చీ కూడ ఎక్కువ చోటు ఆక్రమించును గనుక ఎకానమీ కంటె దాని వాటా హెచ్చే. అక్కరలేని చోట ఈ హింస చేయుట అనర్థదండము. అక్కర ఉన్నదా లేదా అని తేల్చుటకే పైన లెక్క చూపినాను. ఇక్కడ లెక్క, ధర్మము ఒకే మాట చెప్పుచున్నవి.

భోజన విషయములో జెట్‌లో ఇంటి డబ్బా తీసికొనిపోయి సూర్యాస్తమయమునకు ముందే భుజించవచ్చునను మాట నిజమే. కాని పెద్ద విమానములలో కూడ దుంపలు, ఉల్లి, వెల్లుల్లి లేని జైన భోజనమును వి.జె.ఎం.ఎల్. అను గుర్తుతో ముందుగా చెప్పి తెప్పించుకొనవచ్చును. చౌవిహారము పాటించువారు పగటి విమానము ఎంచుకొన్నచో చాలును. ఇందుకొరకు జెట్ అక్కరలేదు.

7. ఇంటింట పెట్టుకొనదగిన నియమములు

ప్రతి సంస్థయు దీపావళినాడు క్రొత్త చోపడా పూజతోపాటు ప్రయాణ నియమములు ఒక పుటలో వ్రాసికొనుట మంచిది. నా అల్పబుద్ధికి తోచినవి ఇవి:

ఒకటి: ఐదు గంటలలో రైలులో చేరగల చోటుకు విమానము వద్దు.

రెండు: దేశములోపల ఎకానమీయే వాడుక. అరువది దాటినవారికి, అనారోగ్యులకు బిజినెస్ క్లాసు. వారికి అది సౌఖ్యము కాదు, అవసరము.

మూడు: రాత్రి ప్రయాణము ఎనిమిది గంటలు దాటి, మరునాడే బేరముండిన బిజినెస్ క్లాసు.

నాలుగు: ప్రత్యేక విమానము తీసికొనవలెనన్న ముందుగా పై లెక్క కాగితముపై వేసి, పోనివాడైన ఒక భాగస్వామి సంతకము చేయవలెను. పోవువాడు తనకు తాను అనుమతి ఇచ్చుకొనరాదు.

ఐదు: ఏడాదికి ఇన్ని గంటలని హద్దు పెట్టి, మించినచో ఆ సొమ్ము పోయినవాని సొంత ఖాతాలో వ్రాయవలెను.

ఆరు: కొడుకుకు ఒక నియమము, అల్లునికి ఒక నియమము, గుమాస్తాకు ఒక నియమము ఉండరాదు. మేనేజరు రాత్రి ప్రయాణము చేసి వచ్చి మరునాడు పని చేయవలసినచో అతనికిని అదే సౌకర్యము.

ఈ ఆరింటిలో నాలుగవది ముఖ్యము. ఉమ్మడి వ్యాపారములు విరుగుట తరచు నష్టమువలన కాదు, అనుమానమువలన. అన్న జెట్‌లో పోయినాడని తమ్ముడు చెప్పుకొనుటకంటె, అన్న పోవుటకు తమ్ముడే సంతకము చేసినాడని చెప్పుకొనుట ఆ ఇంటికి క్షేమము. యువకులు ఈ లెక్కను తమ తదుపరి ప్రయాణమునకు ఒకసారి వేసి చూచి, తండ్రుల ముందు పెట్టవలెనని, తండ్రులును లెక్క సరిగా ఉన్నపుడు పిసినితనముచే కాదనకుండవలెనని ప్రార్థించుచున్నాను.

జై జినేంద్ర.